టార్చి పట్టుకోవడమే ఆట

హాఫ్-లైఫ్ 2: ఎపిసోడ్ వన్ అనే వీడియో గేమ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆటగాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఒకటే: బాగానే ఉంటుంది కానీ మరీ చిన్నది, అసలు మజా అంతా రెండో ఎపిసోడ్‌లో ఉంది. చాలాకాలం నేనూ అదే చెప్పేవాణ్ణి. ఈమధ్య రెండింటినీ వారం తిరగకుండా వరసగా మళ్లీ ఆడాక ఆ అభిప్రాయాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. రెండోది పెద్ద ఆట, అందమైన ఆట, కొన్నిచోట్ల ఊపిరి సలపనివ్వని ఆట. అయినా ఎపిసోడ్ అన్న పేరుకు న్యాయం చేసింది మాత్రం అందరూ చిన్నచూపు చూసే ఆ మొదటిదేనని ఇప్పుడు నా నమ్మకం. షూటర్ గేములను, అంటే తుపాకీతో కాల్చే ఆటలను, ఎపిసోడ్లుగా విడగొట్టి అందించాలన్న ప్రయత్నం ఎందుకు నిలదొక్కుకోలేకపోయిందో కూడా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కొంత బోధపడుతుంది. కథ ముందే తెలియకూడదనుకునేవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది. ఇంత పాత ఆటకు ఆ హెచ్చరిక ఎందుకని అనిపించవచ్చు గానీ, ఇవాళే మొదలుపెట్టేవారు ఎప్పుడూ ఉంటారు.

ముందు కొంత పూర్వకథ చెప్పుకోవాలి. మొదటి హాఫ్-లైఫ్ 1998లో వచ్చింది, రెండోది 2004 నవంబరులో. మధ్యలో గడిచినవి ఆరేళ్లు. ప్రతి ఆటకూ ఇన్నేళ్లు పట్టడం తమకూ ఆటగాళ్లకూ మంచిది కాదని భావించిన వాల్వ్ సంస్థ, ఆటను నడిపే సాఫ్ట్‌వేర్ ఇంజిన్ ఉంది, ఆయుధాలు ఉన్నాయి, పాత్రలు ఉన్నాయి కాబట్టి కథను మూడు చిన్న ముక్కలుగా, తక్కువ వ్యవధిలో ఒకదాని తరువాత ఒకటి అందించాలని తలపెట్టింది. మొదటి ముక్క 2006 జూన్ 1న విడుదలైంది. తొందరపడకుండా ఆడినా నాలుగైదు గంటల్లో పూర్తవుతుంది. మూడూ 2007 చివరికి ముగియాలన్నది అప్పటి లెక్క. రెండోది రావడానికే పదహారు నెలలు పట్టింది, 2007 అక్టోబరు 10న వచ్చింది. మూడోది ఇప్పటికీ రాలేదు.

ఆట మొదలయ్యేసరికి మనం, అంటే గార్డన్ ఫ్రీమన్, కూలిన శిథిలాల కింద ఉంటాం. డాగ్ అనే భారీ రోబో ఆ దిమ్మెలు తొలగించి బయటికి లాగుతుంది. మన తోటి తిరుగుబాటుదారు అలిక్స్ వాన్స్ పరుగున వచ్చి కౌగిలించుకుంటుంది, మరుక్షణమే సిగ్గుపడి వెనక్కి తగ్గుతుంది. కొద్ది నిమిషాలు గడిచేసరికి అదే డాగ్ మనిద్దరినీ ఒక పాత కారులో కూర్చోబెట్టి, ఆ కారును అగాధం మీదుగా సిటడెల్ అనే ఆకాశహర్మ్యంలోకి, అంటే భూమిని ఆక్రమించిన కంబైన్ అనే గ్రహాంతర శక్తి కోటలోకి, విసిరేస్తుంది. ఇంత హడావుడిలో ఒక సంగతి వెంటనే తట్టదు: మన దగ్గర తుపాకీ లేదు. గ్రావిటీ గన్ ఒక్కటే ఉంది. వస్తువులను దూరం నుంచి లాగి పట్టుకుని విసరగల ఆ పరికరం మామూలు అర్థంలో ఆయుధం కూడా కాదు. సిటడెల్ లోపల దానికి తాత్కాలికంగా అదనపు బలం వచ్చి సైనికులనే ఎత్తి విసరగలుగుతుంది గానీ, బయటపడ్డాక మళ్లీ డబ్బాలు, పీపాలు మోసే స్థాయికి దిగిపోతుంది. షూటర్ అని పేరు పెట్టుకున్న ఆటలో ఇంతసేపు మామూలు తుపాకీ ఇవ్వకపోవడం నిర్మాతల మతిమరుపు కాదు. కాల్చే పని అలిక్స్‌ది. మరి మన పని ఏమిటన్నదే ఈ ఎపిసోడ్ మొత్తం అడిగే ప్రశ్న.

ఆటల్లో వెంట ఒక మనిషిని ఇస్తున్నారంటే నాకు ముందే నీరసం వస్తుంది. వాళ్లు గుమ్మానికి అడ్డంగా నిలబడతారు, మనం గురిపెట్టిన సమయానికే ఎదురుగా వచ్చి నిలుస్తారు, చెప్పిందే పదిసార్లు చెబుతారు, పైగా వాళ్లు చచ్చిపోతే శిక్ష మనకు. ఆ జాతి ఆటల్లో కాపలా కాయడం అంటే ఒకరకంగా వెట్టిచాకిరీ. అలిక్స్ విషయంలో ఇవన్నీ ఒక్కొక్కటిగా కూర్చుని సరిచేసినట్టు కనిపిస్తుంది. ఆమె తూటాలు అయిపోవు. అంత సులువుగా చావదు. మనం దారికోసం వెతుకుతున్నప్పుడు తొందరపెట్టదు. మనం ఏదైనా తెలివిగా చేస్తే మాత్రం ఒక్కమాట అంటుంది. ఫ్రీమన్ పెదవి విప్పని మనిషి కాబట్టి మాటలన్నీ ఆమెవే కావాలి, అవి వాగుడుగా మారకూడదు. ఆ రెంటి మధ్య ఉన్న సన్నని గట్టు మీద నటి మెర్ల్ డాండ్రిడ్జ్ గొంతు తడబడకుండా నడిచిందని నా అభిప్రాయం. ఆటలోనే అక్కడక్కడ గాలిలో తేలే గుర్తులను నొక్కితే వినిపించే నిర్మాతల వ్యాఖ్యానం కూడా ఉంది. మొదటిసారి దాన్ని వినకుండా ఆడి, రెండోసారి విని ఆడితే, ఈ పాత్ర మీద ఎంత శ్రమ పెట్టారో తెలుస్తుంది.

అయితే మంచి గొంతు, మంచి ముఖం చాలవు. ఆమె మనకు అవసరం కావాలి, మనం ఆమెకు అవసరం కావాలి. అది జరిగేది నగరం కింది సొరంగాల్లో, మూడో అధ్యాయంలో. నా దృష్టిలో ఈ ఎపిసోడ్ ఉన్నదే ఆ అధ్యాయం కోసం.

అక్కడ చీకటి అలంకారం కాదు, నిజంగా ఏమీ కనిపించదు. మన సూటుకు ఒక టార్చి ఉంది. దాని బ్యాటరీ కొద్దిసేపటికే తరిగిపోతుంది, ఆర్పితే మళ్లీ నిండుతుంది. పరుగెత్తడానికి వాడే శక్తి కూడా అదే బ్యాటరీ నుంచి వస్తుంది కాబట్టి వెలుతురూ కాళ్లూ రెండూ ఒకేసారి దక్కవు. ఇక అలిక్స్ చేతిలో తుపాకీ ఉంది కానీ చీకట్లో ఆమెకూ కళ్లు లేవు. మనం టార్చి ఎవరి మీద వేస్తే వాళ్లనే ఆమె కాలుస్తుంది. మొదట ఈ సంగతి ఎవరూ పాఠంలా చెప్పరు. ఒక జాంబీ మీద వెలుతురు పడుతుంది, వెంటనే పక్కనుంచి తూటాలు వెళతాయి. రెండోసారీ అలాగే జరుగుతుంది. మూడోసారికి మన చెయ్యి తనంతట తానే అటు తిరుగుతుంది. అప్పటినుంచి మౌస్ కదిలించడమంటే గురిపెట్టడం కాదు, చూపించడం. ఇన్నేళ్లుగా ఇన్ని షూటర్లు ఆడిన చేతికి ఆ మార్పు చాలా కొత్తగా అనిపించింది. నా గురి ఎప్పుడూ అంతంతమాత్రమే కాబట్టి, నిజం చెప్పాలంటే, కొంత ఊరటగా కూడా అనిపించింది.

బ్యాటరీ అయిపోతున్నప్పుడు ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చెప్పాలి. వెలుతురు మిణుకుమంటుంది. ఎదురుగా ఇద్దరు వస్తున్నారని తెలుసు. ఇప్పుడే ఆర్పేసి నాలుగు క్షణాలు చీకట్లో నిలబడాలా, లేక ఉన్నంతసేపు వెలిగించి ఒకడినైనా పడగొట్టించాలా అన్నది తేల్చుకోవాలి. ఆర్పితే అలిక్స్ కాల్పులు ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో కాళ్లీడ్చుకుంటూ వచ్చే చప్పుడొక్కటే హెడ్‌ఫోన్లలో ఎడమ నుంచి కుడికి జరుగుతుంటుంది. తిరిగి వెలిగించేసరికి ఒకడు చేయిచాపు దూరంలో ఉంటాడు. దారిలో దొరికే ఎర్రటి మంటకడ్డీలను గ్రావిటీ గన్‌తో పట్టుకుని వాళ్లకు తాకిస్తే అంటుకుంటారు. అంటుకున్న జాంబీ తానే ఒక దివిటీ అయి, వెనక వచ్చేవాళ్లను అలిక్స్‌కు చూపిస్తాడు. ఇది నాకు నేనుగా కనిపెట్టినట్టు కాసేపు గర్వపడ్డాను. ఆ మంటకడ్డీలను అక్కడ అందుకే పెట్టారని తరువాత గ్రహించాను.

ఈ ఎపిసోడ్‌లోనే కొత్తగా పరిచయమయ్యే శత్రువు ఒకడున్నాడు. కంబైన్ సైనికుడే, తలకు పరాన్నజీవి పట్టి జాంబీ అయినవాడు. జాంబీ, కంబైన్ రెండు మాటలూ కలిపి అలిక్స్ వాడికి జాంబైన్ అని పేరు పెట్టి, మనం నవ్వకపోయినా తన చమత్కారానికి తానే నవ్వుకుంటుంది. వాడు దెబ్బలు తిన్నాక నడుము నుంచి గ్రెనేడ్ తీసి, పేలడానికి సిద్ధంగా చేతిలో పైకెత్తి పట్టుకుని మన మీదికి ఉరుకుతాడు. పారిపోవచ్చు, కానీ పరుగుకు బ్యాటరీ కావాలి. ఇంకో మార్గం ఉంది. గ్రావిటీ గన్‌తో వాడి చేతిలోని గ్రెనేడ్‌నే లాగేసుకుని వచ్చినవైపే తిప్పి విసరవచ్చు. మొదటిసారి అది కుదిరినప్పుడు కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను. రెండోసారి తొందరలో లాగి పట్టుకున్నంతవరకు బాగానే ఉంది, విసరడం మరిచిపోయాను.

ఇవన్నీ ఒకచోట కలిసేది లిఫ్టు దగ్గర. లిఫ్టును పిలిచాక అది ఎంతకీ రాదు. చుట్టూ చీకటి, అన్ని వైపుల నుంచి జాంబీలు, వాళ్లలో జాంబైన్లు, అక్కడక్కడ పేలే పీపాలు, చేతిలో అరకొర తూటాలు. ఈ ఘట్టం అన్యాయమని, మరీ సాగదీశారని చాలామంది అంటారు. నేను అక్కడ ఎన్నిసార్లు చచ్చానో లెక్కపెట్టలేదు గానీ, సేవ్ చేసుకున్న చోటు నుంచి తిరిగి మొదలుపెట్టిన ప్రతిసారీ తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది: వెలుతురును ఒకచోటే ఎక్కువసేపు పెట్టాను, లేదా అలిక్స్‌కు వీపు చూపించాను. అన్యాయమైన ఆటలో చావుకు కారణం తెలియదు. ఇక్కడ తెలుస్తుంది. అంతవరకు నేర్పినదాన్నే పరీక్షించే చోటు అది, కొత్త నియమం ఒక్కటీ చేర్చదు. కాబట్టి సాగదీశారన్న ఫిర్యాదును కొంత ఒప్పుకుంటాను, అన్యాయమన్నదాన్ని ఒప్పుకోను.

మొదటి ఎపిసోడ్‌కు సంబంధించి నాకు అన్నింటికన్నా ఇష్టమైన వాస్తవం ఒకటుంది. ఆటంతటిలో సరిగ్గా ఒకే ఒక్క తూటా కాల్చి ముగించినవారికి ఒక అచీవ్‌మెంట్, అంటే ఆటే లెక్కగట్టి ఇచ్చే గుర్తింపు, ఉంది. గ్రావిటీ గన్, గ్రెనేడ్లు, రాకెట్లు, చివర్లో దొరికే గడ్డపార ఏవైనా వాడుకోవచ్చు, తూటా మాత్రం ఒక్కటే. ఆ ఒక్కటీ ఏ శత్రువు కోసమో కాదు, దారికి అడ్డంగా ఉన్న తాళాన్ని పగలగొట్టడానికి. తుపాకీల ఆటను తుపాకీ దాదాపు ముట్టుకోకుండా ముగించవచ్చునని సవాలు విసరగలిగారంటే, ఆ ఆట దేనిమీద నిలబడి ఉందో దాని నిర్మాతలకు బాగా తెలుసన్నమాట.

లోపాలు లేవని కాదు. మొదట్లో సిటడెల్ లోపలి నడవాలు మనం అంతకుముందు ఆటలో చూసినవే. వాటిని మళ్లీ చూపించడంలో పొదుపు తప్ప వేరే కారణం కనిపించదు. చివర్లో పౌరులను కొద్దికొద్దిమందిగా రైలు దగ్గరికి చేర్చే పని, అదే వీధిలో వెనక్కీ ముందుకీ తిరిగే పని, నేను పైన వెట్టిచాకిరీ అన్నదానికి మచ్చుతునక. అలిక్స్ విషయంలో అంత జాగ్రత్తపడినవారు ఆ పౌరుల విషయంలో చేతులెత్తేశారు.

ఇక రెండో ఎపిసోడ్. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. నగరం వదిలి అడవుల్లోకి, కొండల మధ్యకు వచ్చాక మొదటిసారి కళ్లు విప్పారుతాయి. హంటర్లు అనే మూడుకాళ్ల శత్రువులు గుంపుగా వేటాడే తీరు సామాన్యంగా ఉండదు. చివర్లో తిరుగుబాటుదారుల వైట్ ఫారెస్ట్ స్థావరం మీదికి వచ్చే స్ట్రైడర్లనే పొడుగుకాళ్ల భారీ శత్రువులను, కారులో ఒక మూల నుంచి మరో మూలకు పరుగులు తీస్తూ, అంటించే బాంబులు విసిరి పేల్చే పోరాటం ఈ మొత్తం వరుసలోనే అత్యుత్తమమని నేనూ ఒప్పుకుంటాను. దారిలో కనిపించే ఒక తోట బొమ్మను ఆట మొదటి నుంచి దాదాపు చివరిదాకా మోసుకువెళ్లి, ఆ స్థావరం నుంచి ప్రయోగించే రాకెట్‌లో పెట్టమనే అచీవ్‌మెంట్ అయితే పిచ్చితనానికి పరాకాష్ఠ. ఆ బొమ్మను కారులో నిలపడానికి నేను పడ్డ పాట్లు ఎవరికీ చెప్పుకునేవి కావు.

కానీ ఈ అద్భుతాల మధ్య ఒక చిన్న మార్పు నన్ను ఆపింది. రెండో ఎపిసోడ్‌లో టార్చికి వేరే బ్యాటరీ ఇచ్చారు. పరుగుకూ వెలుతురుకూ ఇక పోటీ లేదు. సౌకర్యమే, ఎవరూ కాదనరు. అయితే ఆ సౌకర్యంతోపాటు, మొదటి ఎపిసోడ్ అడిగిన ప్రశ్న కూడా కరిగిపోయింది. అలిక్స్ తొలి భాగంలోనే తీవ్రంగా గాయపడి చాలాసేపు ఆటకు దూరమవుతుంది. ఆమె స్థానంలో వార్టిగాంట్ అనే గ్రహాంతర జాతివాడు ఒకడు వస్తాడు, తరువాత కారు వస్తుంది, తరువాత యుద్ధం వస్తుంది. ప్రతి అరగంటకూ ఒక కొత్త ఆట. దేనికదే బాగుంటుంది, ఏదీ మరొకదాన్ని పెంచదు. చిన్న ఆట పెద్ద ఆటలా కనిపించాలని పడే ఆరాటం అది, దానికి పదహారు నెలలు పట్టడంలో ఆశ్చర్యం లేదు. తక్కువ కాలంలో తక్కువ ఆట ఇద్దామన్న మొదటి ఆలోచన అక్కడే పక్కకు తప్పుకుంది.

పైగా దాని ముగింపు చూడండి. అలిక్స్ తండ్రి ఈలై కళ్లెదుట చనిపోతాడు, ఆమె ఏడుపు మధ్య తెర నల్లబడుతుంది. తరువాతి భాగం ఖాయంగా వస్తుందన్న ధీమా మీదే ఆ ముగింపు నిలబడి ఉంది. మొదటి ఎపిసోడ్ కూడా మధ్యలోనే తెగుతుంది కదా, రైలు బయల్దేరాక సిటడెల్ పేలి తెల్లటి వెలుతురు కమ్మేయడం ముగింపా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మొదటి ఎపిసోడ్ మనకు అప్పగించిన పని నగరం నుంచి బయటపడటం. రైలు కదిలేసరికి ఆ పని పూర్తయింది. ఆ తరువాత ఏమయిందన్నది కుతూహలం మాత్రమే. రెండో ఎపిసోడ్‌లో రాకెట్ ఎగిరిన తరువాత వచ్చే మరణం కుతూహలం కాదు, బాకీ.

ఆ బాకీ ఈ రూపానికి పుట్టుకతో వచ్చిందేమో కూడా. 1993 డిసెంబరులో వచ్చిన డూమ్‌లో మూడు ఎపిసోడ్లుండేవి. మొదటిది ఉచితంగా పంచిపెట్టి, మిగిలిన రెండింటికి డబ్బు తీసుకునేవారు. ఆ ఉచిత ఎపిసోడ్ చివర మనల్ని ఒక చీకటి గదిలోకి పంపి, రాక్షసుల మధ్య వదిలేసి ముగిస్తారు. అది వలేనని ఆటగాడికీ తెలుసు, కానీ అక్కడ మోసం లేదు, ఎందుకంటే మిగిలిన రెండు ఎపిసోడ్లు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఇంకా తయారుకాని దానికి వల వేసినప్పుడే చిక్కు. హాఫ్-లైఫ్ మొదటి ఎపిసోడ్ కన్నా మూడు వారాల ముందు, 2006 మేలో, అదే సోర్స్ ఇంజిన్ మీద రిచువల్ సంస్థ తీసిన సిన్ ఎపిసోడ్స్: ఎమర్జెన్స్ వచ్చింది. మొత్తం తొమ్మిది ఎపిసోడ్లు తీయాలన్నది వారి ఆలోచన. ఒక్కటే వచ్చింది. మరుసటి ఏడాది మొదట్లోనే ఆ సంస్థ మరొకరి చేతికి వెళ్లిపోయింది, మిగిలిన ఎనిమిదీ కాగితాల మీదే నిలిచిపోయాయి. ఆట చెడ్డది కాదు, మన ఆటతీరును బట్టి కష్టాన్ని సర్దుకునే దాని పద్ధతి అప్పటికి ముచ్చటైనదే. కానీ తొమ్మిదింటిలో ఒకటిగా తనను తాను ఊహించుకున్న ఆట, ఒంటరిగా మిగిలేసరికి తలుపు లేని గుమ్మంలా ఉండిపోయింది.

చిన్న ఆటకు మార్కెట్టు లేదని, అందుకే ఈ ప్రయోగం పోయిందని చెప్పేవారికి నేను చూపించేది మరో ఆట. రెండో ఎపిసోడ్ ఆరెంజ్ బాక్స్ అనే ఐదు ఆటల కూర్పులో భాగంగా వచ్చింది. ఆ కూర్పులోనే పోర్టల్ ఉంది. నిడివి మూడు గంటలు, ఆయుధం ఒక్కటే, అదీ తూటాలు పేల్చేది కాదు, గోడలకు దారులు తెరిచేది. ఒకే ఆలోచనను పట్టుకుని, దాన్ని చివరిదాకా పిండి, చెప్పవలసింది చెప్పి ముగుస్తుంది. ఆ పెట్టెను కొన్నవారిలో ఎంతోమంది చివరికి ఎక్కువగా ప్రేమించింది దాన్నే. అంటే చిన్నతనం అడ్డంకి కాలేదు. ఎపిసోడ్ వన్‌ను నేను పోర్టల్‌కు దగ్గరి బంధువుగా చూస్తాను. చీకటి, టార్చి, ఒక తోడు మనిషి. ఈ మూడే దాని సరంజామా.

మూడో ఎపిసోడ్ రాకపోవడం మీద రాసిన రాతలు ఆ ఆట కన్నా పొడుగు ఉంటాయి కాబట్టి ఎక్కువ చెప్పను. 2016లో వాల్వ్‌ను వదిలిన కథారచయిత మార్క్ లైడ్‌లా, మరుసటి ఏడాది ఆగస్టులో పేర్లు మార్చి ఒక ఉత్తరం రూపంలో కథాసంగ్రహం బయటపెట్టాడు. 2020లో వచ్చిన హాఫ్-లైఫ్: అలిక్స్ తన చివరి ఘట్టంలో ఈలై మరణాన్నే తిరగరాసి, బాకీని తీర్చకుండా కొత్త పత్రం మీదికి మార్చింది. 2024 నవంబరులో, హాఫ్-లైఫ్ 2కు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా విడుదల చేసిన డాక్యుమెంటరీలో మూడో ఎపిసోడ్ కోసం తయారుచేసిన మంచు తుపాకీని, ద్రవంలా సాగే శత్రువులను మొదటిసారి చూపించారు. కథను ముందుకు నడపడం ఒక్కటే ఆట తీయడానికి తగిన కారణం కాదని, ఆ ఆట కొత్తగా ఏం చేస్తుందో తనకు తట్టలేదని వాల్వ్ సహవ్యవస్థాపకుడు గేబ్ న్యూవెల్ అందులో చెప్పాడు. చాలామంది అభిమానులకు అది సాకులా వినిపించింది. నాకు అందులో సగం నిజం కనిపించింది. కొత్త ప్రశ్న లేకుండా ఎపిసోడ్ తీయకూడదన్నది సరైన మాటే. కానీ ప్రతి ప్రశ్నా ఇంజిన్‌ను కదిలించేంత పెద్దది కానక్కర్లేదు. రెండేళ్ల క్రితపు ఇంజిన్ మీద, అరువు తెచ్చుకున్న నడవాల్లో, ఎపిసోడ్ వన్ అడిగిన ప్రశ్న టార్చి ఎవరు పట్టుకుంటారన్నంత చిన్నది.

ఈ వ్యాసం ముగించే ముందు ఆ లిఫ్టు ఘట్టాన్ని మరొకసారి తెరిచాను. ఈసారి తుపాకీ ముట్టుకోకూడదని, వెలుతురు చూపించడం, గ్రెనేడ్లు లాక్కోవడం తప్ప ఏమీ చేయకూడదని నియమం పెట్టుకున్నాను. మొదటి గుంపు సాఫీగా గడిచింది. రెండో గుంపులో ఒక జాంబైన్ చేతిలోని గ్రెనేడ్ లాక్కుని, మరిచిపోకుండా విసిరాను కూడా. మూడో గుంపు వచ్చేసరికి టార్చి మిణుకుమంది, ఆర్పాను, నాలుగు లెక్కపెట్టి వెలిగించాను. ఎదురుగా ఎవరూ లేరు. వెనక నుంచి అలిక్స్ తుపాకీలో తూటాలు మార్చుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. లిఫ్టు ఇంకా రాలేదు.